సైన్స్ ఫిక్షన్ అని కూర్చుంటే ప్రేమకథ తేలింది: వీటిలో మీకు సరిపడేది ఏది?

పోస్టర్ మీద అంతరిక్ష నౌక ఉంటుంది. ట్రైలర్‌లో అలారాలు మోగుతుంటాయి, టోపీలు పెట్టుకున్న మనుషులు ఎవరినో తరుముతుంటారు. తీరా సినిమా మొదలై అరగంట గడిచేసరికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకుంటుంటారు. రాకెట్ల కోసం వచ్చినవాడికి ఒళ్లు మండుతుంది. బలవంతం మీద వచ్చి పక్కన కూర్చున్న మనిషి మాత్రం అప్పుడే ఫోన్ పక్కన పెట్టి తెర వైపు చూడటం మొదలుపెడుతుంది.

ఇలా సైన్స్ ఫిక్షన్ పేరుతో వచ్చి ప్రేమకథగా తేలే సినిమాలు బోలెడు. వీటిలో ఏది చూడాలో తేల్చుకోవడానికి రేటింగులు పెద్దగా పనికిరావు. సినిమా నిజంగా బాగాలేక తక్కువ మార్కులు వేసినవాళ్లూ, అనుకున్న సినిమా దొరకలేదన్న కోపంతో వేసినవాళ్లూ అందులో కలిసిపోయి ఉంటారు. నేను చూసుకునేది ఒక్కటే: ఆ ఇద్దరికీ అడ్డం ఎవరు?

మన ప్రేమకథల్లో ఈ ఉద్యోగం ఎప్పటినుంచో హీరోయిన్ తండ్రిది. ఆయన సెలవు పెడితే బావది, లేదంటే కులానిదో డబ్బుదో. తండ్రి కరిగితే శుభం కార్డు పడుతుంది. మంచి సైన్స్ ఫిక్షన్ ప్రేమకథలో ఆ తండ్రి కుర్చీలో ఒక ఊహ కూర్చుంటుంది. జ్ఞాపకాలు చెరిపే మిషన్, శరీరం లేని గొంతు, 90 ఏళ్ల ప్రయాణం. వాటి కాళ్లు పట్టుకోలేం, నాలుగు డైలాగులు కొట్టి ఒప్పించలేం. అందుకే కథ కొత్త దారి వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ కుర్చీలో ఏం కూర్చుందో తెలిస్తే సినిమా మీకు పడుతుందో లేదో ముందే తెలిసిపోతుంది. ముగింపులేవీ బయటపెట్టకుండానే చెబుతాను. ప్యాసింజర్స్ ఒక్కదాంట్లో మాత్రం మొదటి అరగంట సంగతి చెప్పక తప్పదు.

ముందు సులువైనది: ది అడ్జస్ట్‌మెంట్ బ్యూరో

కాస్త సస్పెన్సూ కావాలి, లవ్వూ కావాలి, బుర్ర వేడెక్కించుకునే ఓపిక లేదు అనేవాళ్లకి ఇది. 2011లో వచ్చింది. మ్యాట్ డేమన్ రాజకీయ నాయకుడు, ఎమిలీ బ్లంట్ డ్యాన్సర్. ఫిలిప్ కె. డిక్ 1954లో రాసిన చిన్న కథ దీనికి మూలం. కానీ ఆ కథలో ఈ ప్రేమ లేదు. అక్కడ హీరో రియల్ ఎస్టేట్ ఆఫీసులో మామూలు ఉద్యోగి. ఒక కుక్క టైముకి మొరగకపోవడం వల్ల ఆఫీసుకి ఆలస్యంగా వెళ్లి, లోకాన్ని చాటుగా సర్దుతున్నవాళ్లని చూసేస్తాడు. సినిమా తీసినవాళ్లు కుక్కని పక్కన పెట్టి కాఫీ తెచ్చారు.

ఆ కాఫీ సీన్ కోసమైనా చూడొచ్చు. మనుషుల జీవితాలని ఒక ప్లాను ప్రకారం నడిపే ఆఫీసు ఒకటుంది. అందులో ఒక ఉద్యోగి పొద్దున 7:05 కల్లా హీరో చొక్కా మీద కాఫీ ఒలికేలా చూడాలి. అప్పుడు హీరోకి బస్సు తప్పిపోతుంది, ఒకసారి కలిసిన ఆ అమ్మాయి మళ్లీ కనబడదు. ఆ ఉద్యోగి పార్కులో బెంచీ మీద కునుకు తీస్తాడు. కాఫీ ఆలస్యంగా ఒలుకుతుంది. అప్పటికే హీరో బస్సెక్కేశాడు, లోపల ఆమె కూర్చుని ఉంది. నుదుటి రాత అని మనం ఘనంగా చెప్పుకునేదాన్ని ఈ సినిమా అలసిపోయిన గుమాస్తాల డ్యూటీగా చూపిస్తుంది. నాకు అది బాగా నచ్చింది.

ఇక్కడ అడ్డం ఆ ఆఫీసు. అంటే తండ్రికి దగ్గరగా ఉండే అడ్డమే, సూటు వేసుకుని టోపీ పెట్టుకుంది. అందుకే మన ప్రేక్షకులకి ఇది తొందరగా ఎక్కుతుంది. న్యూయార్క్‌లో ఒక తలుపు తీస్తే ఊరికి ఇంకో మూలన తేలడం, టోపీ లేకపోతే ఆ తలుపులు మామూలు తలుపులే కావడం లాంటివి సరదాగా ఉంటాయి. చివరి పావుగంట మాత్రం మరీ తేలిగ్గా తేల్చేశారు. పరీక్షలో టైమైపోయి ఆఖరి ప్రశ్నకి నాలుగు లైన్లు గీకినట్టు ఉంటుంది. అయినా ఆ జంట మధ్య మాటల్లో ఉన్న ఉత్సాహం సినిమాని నిలబెడుతుంది.

ఒక్కటే చూడగలిగితే: ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ద స్పాట్‌లెస్ మైండ్

పేరు నోరు తిరగదు. ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ పద్యంలోంచి తీసుకున్న మాట అది. 2004లో మిషెల్ గాండ్రీ తీశాడు. రాసింది ఛార్లీ కాఫ్‌మన్. ఒరిజినల్ స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ వచ్చింది. జిమ్ క్యారీ అంటే ముఖాన్ని మెలికలు తిప్పే కామెడీయే గుర్తొచ్చేవాళ్లు ఇందులో అతన్ని చూసి గుర్తుపట్టడానికి రెండు నిమిషాలు తీసుకుంటారు. గొంతు పెగలని, బిడియపు మనిషి. కేట్ విన్స్‌లెట్ పోషించిన క్లెమెంటైన్ దానికి పూర్తిగా వ్యతిరేకం, జుట్టుకి వారానికో రంగు వేసుకునే రకం.

ఇద్దరూ విడిపోతారు. ఒక క్లినిక్‌కి వెళ్లి ఆమె తన బుర్రలోంచి అతన్ని చెరిపించేసుకుంటుంది. అది తెలిసి మండిపోయి అతనూ వెళ్లి పడుకుంటాడు, ఆమెనీ తన బుర్రలోంచి చెరిపేయమని. రాత్రంతా మిషన్ పనిచేస్తుంది. కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి తర్వాత. అంటే గొడవలు ముందు చెరిగిపోతాయి. తొలినాళ్ల మంచి రోజులు బయటపడేసరికి అతనికి ఇక చెరపొద్దనిపిస్తుంది. కానీ అతను నిద్రలో ఉన్నాడు, ఆపమని చెప్పడానికి నోరు లేదు. దాంతో ఆమెని తీసుకుని తన జ్ఞాపకాల్లోనే, ఆమె పరిచయం కాకముందు రోజుల్లోకి పారిపోవాలని చూస్తాడు. చిన్నప్పటి వంటింట్లో బల్ల కింద దాక్కుంటాడు.

ఆ వంటింటి సీన్‌లో జిమ్ క్యారీ నాలుగేళ్ల పిల్లాడంత కనిపిస్తాడు. కంప్యూటర్ మాయ అనుకుంటాం. ఫర్నిచర్‌ని కొలతలు మార్చి కట్టి, కెమెరా కోణంతో కళ్లని మోసం చేశారు. పుస్తకాల షాపులో ఇద్దరూ మాట్లాడుకుంటుంటే వెనక అరల్లో పుస్తకాల అట్టల మీద అక్షరాలు ఒక్కొక్కటిగా మాయమై తెల్లబడిపోవడం చూడండి. ఎవరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడరు. గమనించినవాళ్లకి గుండె జారుతుంది, గమనించనివాళ్లకి ఏదో తేడాగా ఉందని మాత్రం అనిపిస్తుంది.

కథ ముందువెనకలుగా నడుస్తుంది కాబట్టి చాలామంది మధ్యలో వదిలేస్తారు. ఒక చిట్కా ఉంది: క్లెమెంటైన్ జుట్టు రంగు చూడండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం, వాళ్ల కథ ఏ దశలో ఉందో రంగు చెప్పేస్తుంది. సినిమా మొదలై పావుగంట దాటాక గానీ టైటిల్స్ పడవు, ఆ ముందు భాగాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక్కడ అడ్డం బయట ఎక్కడా లేదు. ఇద్దరే ఒకరికొకరు అడ్డం, మిషన్ వాళ్లు కొని తెచ్చుకున్న ఆయుధం. అందుకే ఇది పెళ్లయి ఏళ్లు గడిచినవాళ్లకి తగిలినంతగా కుర్రవాళ్లకి తగలదు. హోటల్లో ఎదురెదురుగా కూర్చుని మాటల్లేక తింటున్న జంటలని చూసి, మనమూ అలా అయిపోయామా అని వీళ్లు భయపడే చోట హాల్లో కొందరు సర్దుకుని కూర్చుంటారు. ఈ మధ్యే విడిపోయిన స్నేహితుడికి చూపిద్దామనుకుంటే కొన్ని నెలలు ఆగండి. ఓదార్పు కోసం కూర్చున్నవాడు పాత చాట్‌లు తవ్వుకుంటూ లేస్తాడు.

పిల్లల ముందు పెట్టే సినిమా కాదిది. ఆ మిషన్ నడిపే టెక్నీషియన్లు రాత్రంతా పేషెంటు ఇంట్లో చేసే నిర్వాకాలు పెద్దవాళ్లకే.

హర్: దీన్ని దాంతో ఎలా పోల్చాలి

హర్ కూడా అదే ఆస్కార్ గెలిచింది. స్పైక్ జోన్జ్ రాసి తీశాడు, 2013. ఒంటరిగా ఉంటున్న థియొడోర్ తన కంప్యూటర్‌లో వేసుకున్న కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌తో ప్రేమలో పడతాడు. వచ్చినప్పుడు ఇది వింత ఊహ. ఇప్పుడు ఫోన్‌లోని చాట్‌బాట్‌తో మనసు విప్పి మాట్లాడేవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌బాట్‌లోని ఒక గొంతు తన గొంతులా ఉందని 2024 మేలో నటి స్కార్లెట్ జొహాన్సన్ అభ్యంతరం చెప్పడం, ఆ సంస్థ దాన్ని నిలిపేయడం వార్తల్లో చదివే ఉంటారు. ఈ సినిమాలో ఆ సిస్టమ్‌కి గొంతు ఆమెదే. షూటింగ్ మొత్తం సమంతా మోర్టన్ అనే ఇంకో నటి గొంతుతో జరిగింది. ఎడిటింగ్‌లో దర్శకుడు మనసు మార్చుకుని జొహాన్సన్‌ని తెచ్చాడు. తెర మీద ఒక్కసారీ కనబడని మనిషి కోసం సినిమానే మళ్లీ సర్దారన్నమాట. కాబట్టి దీన్ని డబ్బింగ్‌లో చూడొద్దు. సబ్‌టైటిల్స్ పెట్టుకుని, వీలైతే ఇయర్‌ఫోన్స్‌తో చూడండి.

థియొడోర్ ఉద్యోగం ఇతరుల తరఫున ప్రేమలేఖలు రాయడం. ఒక జంటకి ఏళ్ల తరబడి రాస్తుంటాడు. వాళ్ల ఫోటోలో ఆ అమ్మాయి పన్ను కాస్త వంకరగా ఉండటం చూసి, దాన్ని భర్త ముద్దుగా తలుచుకున్నట్టు ఉత్తరంలో పెట్టానని చెబుతాడు. కిరాయికి అక్షరాలు రాసే మనిషిని ప్రోగ్రామ్ రాసిన మాటలు కరిగిస్తే ఏది అసలు, ఏది నకిలీ? సినిమా ఈ ప్రశ్న అడిగి వదిలేస్తుంది.

ఎటర్నల్ సన్‌షైన్ కంటే ఇది నెమ్మది. రెండు గంటల పైన ఉంటుంది, అందులో చాలాసేపు ఒక మనిషి నడుస్తూ మాట్లాడుతుంటాడు. అడ్డం ఏమిటంటే, అటువైపు శరీరం లేకపోవడం అని ముందు అనిపిస్తుంది. సినిమా నడిచేకొద్దీ వేరే అడ్డం బయటికొస్తుంది, అది చెప్పను. రాత్రి ఒక్కరే కూర్చుని చూసుకునే సినిమా. అమ్మానాన్నలతో అయితే మొదటి అరగంటలోనే రిమోట్ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఒంటరితనం మీద సినిమా కావాలంటే హర్, కాపురం మీద కావాలంటే ఎటర్నల్ సన్‌షైన్. రెండూ ఒకే వారాంతంలో చూడొద్దు, సోమవారం ఆఫీసులో పని జరగదు.

ప్యాసింజర్స్: చూసేముందు తెలుసుకోవాల్సింది

పోస్టర్‌కీ కథకీ దూరం ఎక్కువ ఉన్నది ఇదే. 2016లో వచ్చింది, జెన్నిఫర్ లారెన్స్, క్రిస్ ప్రాట్. అవలాన్ అనే నౌకలో 5000 మంది ప్రయాణికులు నిద్రపోతూ 120 ఏళ్ల ప్రయాణం చేస్తుంటారు. ఒకడికి 90 ఏళ్లు ముందే మెలకువ వస్తుంది. ట్రైలర్ చూస్తే ఇద్దరూ ఏదో పొరపాటున లేచారనీ, నౌకలో ఏదో రహస్యం ఉందనీ అనిపిస్తుంది.

అసలు సంగతి వేరు. ఏడాదికి పైగా బార్‌లో పనిచేసే రోబోతో తప్ప మాట్లాడే దిక్కులేక గడిపిన మెకానిక్, నిద్రపోతున్న ఒక రచయిత్రిని చూసి, ఆమె రాసినవన్నీ చదివి, చివరికి ఆమె పెట్టె తానే తెరుస్తాడు. ఇక ఆమె కూడా గమ్యం చేరకుండానే పోతుంది. ఆ సంగతి ఆమెకి చెప్పడు. ఇద్దరి మధ్య ప్రేమ మొదలవుతుంది.

దీన్ని ప్రేమ అనాలా అని అప్పట్లో పెద్ద గొడవే జరిగింది. నేనైతే ఇక్కడ అసలు అడ్డం 90 ఏళ్లు కాదంటాను, ఒకరికి అంతా తెలిసి రెండోవారికి ఏమీ తెలియకపోవడం. సినిమా దగ్గర ఆ అడ్డాన్ని ఎదుర్కొనే ధైర్యం లేదు. రెండో సగంలో నౌకకి నిప్పంటించి, ఇద్దరినీ పరుగులు పెట్టించి, తప్పుని త్యాగంతో కడిగేస్తుంది. కథని ఆమె కళ్లు తెరిచిన దగ్గర మొదలుపెట్టి, ఆమెతో పాటే మనకీ నిజం తెలిసేలా కూర్చి ఉంటే భయం పుట్టించే సినిమా అయ్యేదని చాలామంది అన్నారు. నిజమే. ఈ స్క్రిప్టు 2007లోనే హాలీవుడ్ బ్లాక్ లిస్ట్‌లో, అంటే తెరకెక్కని మంచి స్క్రిప్టుల జాబితాలో ఉందంటే కాగితం మీద అది ఎంత ఊరించిందో అర్థమవుతుంది.

మరి చూడాలా? పెద్ద తెర ఉంటే చూడొచ్చు. ఆమె ఈత కొడుతుండగా కృత్రిమ గురుత్వం ఆగిపోయి, నీళ్లన్నీ ముద్దగా పైకి లేచి ఆమెని లోపలే బంధించే సీన్ అద్భుతంగా తీశారు. భార్యాభర్తలు కలిసి చూస్తే సినిమా అయ్యాక వాదన ఖాయం. కొందరికి అదే కావాలి.

ఈ తెలిసినవాడు–తెలియనిది లెక్క ఒకసారి పట్టుకుంటే మిగతా సినిమాల్లోనూ కనబడుతుంది. అబౌట్ టైమ్, 2013, రిచర్డ్ కర్టిస్. హీరో చీకటి బీరువాలో నిలబడి పిడికిళ్లు బిగిస్తే వెనక్కి వెళ్లిపోతాడు. మిషన్ లేదు, వివరణ లేదు. అమ్మాయితో ఏదైనా చెడిపోతే వెనక్కి వెళ్లి మళ్లీ సరిగ్గా చేసుకుంటాడు, ఆ సంగతి ఆమెకి ఎప్పటికీ చెప్పడు. నవ్వుతూ చూస్తాం కాబట్టి ఎవరికీ తప్పనిపించదు. లాజిక్ అడిగేవాళ్లు దీన్ని వదిలేయడం మంచిది. తండ్రితో సరిగ్గా మాట్లాడి చాన్నాళ్లయినవాళ్లు మాత్రం చూడండి. ప్రేమకథ అని మొదలై తండ్రీకొడుకుల కథ అయిపోతుంది, తండ్రిగా బిల్ నై అంత బాగా చేశాడు.

పిల్లలు, పెద్దలు ఒకే సోఫా మీద ఉంటే

వాల్-ఈ. 2008 పిక్సార్ సినిమా. చెత్తకుప్పగా మారిన భూమి మీద మిగిలిన ఒక రోబో పాత మ్యూజికల్ సినిమా వీడియో టేప్ పదే పదే చూసుకుంటూ, ఇద్దరు చేతులు పట్టుకోవడం చూసి తన రెండు చేతులూ తానే కలుపుకుంటుంది. మొదటి అరగంటలో మాటలు దాదాపు లేవు కాబట్టి ఇంగ్లీషు రాని అమ్మమ్మ దగ్గర్నుంచి మాటలు రాని పిల్ల దాకా ఎవరికీ ఇబ్బంది లేదు. పర్యావరణం సినిమా అని బడుల్లో చూపిస్తారు గానీ, ఒక చెయ్యి ఇంకో చెయ్యిని పట్టుకోవడానికి పడిన పాట్లే సినిమా అంతా.

కాలేజీ వయసు పిల్లలుంటే యువర్ నేమ్. మకోతో షింకాయ్ తీసిన 2016 జపాన్ యానిమేషన్. పల్లెటూరి అమ్మాయి, టోక్యో అబ్బాయి ఒకరి శరీరంలో ఒకరు నిద్రలేస్తుంటారు. ఒకరి ఫోన్‌లో ఒకరు డైరీ రాసి పెట్టుకుంటారు, తిట్టుకుంటారు. సగం దాకా కామెడీ అనుకుని పాప్‌కార్న్ తెచ్చుకోవడానికి లేస్తే అసలు మలుపు పోతుంది. ఇంతకంటే చెప్పను.

మన సినిమాలు

తెలుగులో సైన్స్ ఫిక్షన్ అనగానే అందరూ 1991 నాటి ఆదిత్య 369 అంటారు. అది గొప్ప సరదా, కానీ ప్రేమ కోసం చూసేది కాదు. టైమ్ మిషన్‌లో హీరో హీరోయిన్లు ఇద్దరూ కూర్చుని 1526కి, 2504కి వెళ్తారు గానీ వాళ్ల ప్రేమకి కాలం అడ్డం రాదు. మిషన్ లేకపోయినా వాళ్లు పెళ్లి చేసుకునేవాళ్లే. సింగీతం శ్రీనివాసరావుకి కావలసింది శ్రీకృష్ణదేవరాయల కొలువు, రాబోయే కాలం. రెండూ చక్కగా చూపించాడు.

విక్రమ్ కుమార్ తీసిన 24 ప్రేమకథకి దీనికంటే కాస్త దగ్గరగా ఉంటుంది. 2016, సూర్య మూడు వేషాలు. కాలాన్ని వెనక్కి తిప్పే గడియారం చేతికి దొరికితే వాచ్ మెకానిక్ ముందు చేసే పని సమంతని బుట్టలో వేసుకోవడం. అబౌట్ టైమ్ హీరో చేసిన పనే, మన పాటలతో. కథకి అసలు అడ్డం ఆత్రేయ అనే విలన్. అతను వచ్చాక ప్రేమ వెనక సీట్లోకి వెళ్తుంది. రెండున్నర గంటలు దాటిన సినిమా కాబట్టి సెలవు రోజు పెట్టుకోండి.

తండ్రి కుర్చీలో కాలాన్ని నిజంగా కూర్చోబెట్టిన తెలుగు ప్రేమకథ కావాలంటే అద్భుతం. 2021 నవంబరులో నేరుగా ఓటీటీలో వచ్చింది, తేజ సజ్జా, శివానీ రాజశేఖర్. ఇద్దరిదీ ఒకే ఫోన్ నంబరు. ఒకరు ఉన్నది 2014లో, రెండోవారు ఉన్నది 2019లో. మెసేజ్ వెళ్తుంది, మనిషి వెళ్లలేడు. రెండో సగంలో ముడులు కాస్త వదులుగా పడ్డాయి, ఖర్చు తక్కువని తెర మీద తెలిసిపోతుంది. అయినా ఆ ఊహ ప్రేమకథని ఇబ్బంది పెట్టినంతగా చాలా పెద్ద సినిమాల్లో పెట్టదు. రాత్రి భోజనాల తర్వాత ఇంట్లో అందరూ కూర్చుని చూసేయొచ్చు.

శర్వానంద్ ఒకే ఒక జీవితం కూడా ఈ జాబితాలో వెతుకుతారు, టైమ్ మిషన్ ఉంది, రీతూ వర్మ ఉంది కాబట్టి. అది అమ్మ కోసం 1998కి వెళ్లే కథ, ప్రేమికుల కోసం కాదు. అమల కోసం చూడండి, పక్కన రుమాలు పెట్టుకుని.